తెర మీద ఇచ్చినట్టే ఉంది

ఫిబ్రవరి 3

అత్తయ్యకి నమస్కారాలు.

ఫోన్లో అయితే మనిద్దరికీ మాట మీద మాట పెరుగుతోందని, ఏదైనా ఉంటే రాసి పంపమని మీరే అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా డ్యూటీ మారేటప్పుడు అన్నీ రాసి అప్పగించడం మీకు అలవాటు. నాకే కొత్త. మీ అబ్బాయి మాత్రం సంబరపడుతున్నారు. ఇకనుంచి తను మద్దెలలా రెండువైపులా దెబ్బలు తినక్కర్లేదట.

మీరు హెడ్ నర్సుగా ఉన్న వార్డు గురించి రాసిన పేపర్ని మొన్న సదస్సులో చదివాను. వేదిక దిగి వచ్చాక మా గైడు "బాగుంది" అన్నారు. ఈ నాలుగేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం రెండోసారి. మొదటిసారి అన్నది నా గొడుగుని చూసి.

ఏం చెప్పానో మీకూ తెలియాలి. మీ ఆస్పత్రిలో పెట్టిన కొత్త కంప్యూటర్ పద్ధతిలో ఏ రోగికి ఏ మందు ఎన్నింటికో తెర మీద వస్తుంది. అరగంటలో మందిచ్చి 'ఇచ్చాం' అని నొక్కకపోతే ఆ వరస ఎర్రబడుతుంది. నెల తిరిగేసరికి ఏ వార్డులో ఎన్ని ఎరుపులో సూపరింటెండెంటు గదికి చేరుతుంది. అందుకని అందరూ ముందు నొక్కేసి తర్వాత మందిస్తున్నారు. అయితే ఒక వార్డులో మాత్రం గోడకి పలక ఉంది, మందు నిజంగా రోగి నోట్లో పడ్డాకే దాని మీద సుద్దగీత పడుతుంది అని చెప్పాను. మూడు ఆస్పత్రుల్లో ఏడు వార్డుల్లో కూర్చున్నాను అత్తయ్యా. నేను చూసినన్నాళ్ళూ మందు తప్పనిది ఆ ఒక్క వార్డులోనే. కంప్యూటర్ ఉండగా పక్కన పలక ఎందుకు పుట్టింది అన్నదే నా థీసిస్.

మనుషుల పేర్లు గానీ ఆస్పత్రి పేరు గానీ ఎక్కడా రాయలేదు. మీ నర్సులు పదకొండు మందికీ సంతకం పెట్టి ఇచ్చిన మాట అది.

మోకాలి నొప్పి ఎలా ఉంది? మెట్లు ఎక్కకండి, లిఫ్టు వాడండి.

మీ కోడలు


ఫిబ్రవరి 12

అమ్మాయీ,

మోకాలి సంగతి తర్వాత. నీ పేపర్ సంగతి సూపరింటెండెంటు దాకా పోయి నాకు మెమో వచ్చింది.

"ఆస్పత్రి ఆమోదం లేని రికార్డు వార్డులో నిర్వహిస్తున్నట్టు తెలిసింది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి" అని. మెమో వెనకాలే ఇద్దరొచ్చి మేకుతో సహా పలక పీకి పట్టుకుపోయారు. గోడకి బొక్క మిగిలింది.

పేరు రాయలేదన్నావు. బాగానే ఉంది. ఈ ఆస్పత్రి మొత్తంలో గోడకి పలక ఉన్న వార్డు ఏదో కనుక్కోడానికి పేరు కావాలా? "ఎర్ర తలుపు ఇల్లు" అని రాసి ఇంటి నంబరు వెయ్యలేదంటే ఎవరికి ఉపకారం?

ఆరు నెలలు నా పక్కన స్టూలేసుకుని కూర్చున్నావు. నా నర్సు పిల్లలంతా నిన్ను "అక్కా" అన్నారు. మా కోడలేలే అని నీ ముందు దాపరికం లేకుండా మాట్లాడుకున్నాం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదేనేమో అని నిన్న మా స్టాఫులో ఒకావిడ నా మొహమ్మీదే అంది.

నేను రిటైరవడానికి ఎనిమిది నెలలుంది.

అత్తయ్య


ఫిబ్రవరి 16

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివాను. మీరన్నది నిజం. పలక అన్న మాట తీసేసి ఇంకేదో రాసి ఉండాల్సింది. ఆ మాట బాగుందని ఉంచాను. వినేవాళ్ళకి నచ్చుతుందని ఉంచాను. దాన్ని ఎలా సమర్థించుకోవాలో తెలియడం లేదు.

కానీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సూపరింటెండెంటుగారికి నిన్ననే ఉత్తరం రాశాను. ఆ పలక క్రమశిక్షణ లేకపోవడం కాదని, దానివల్లే మీ వార్డులో మందులు తప్పకుండా నడుస్తున్నాయని, తీసేస్తే ప్రమాదమని, నా దగ్గరున్న ఆరు నెలల పరిశీలన అదే చెబుతోందని వివరంగా రాశాను. చదువుకున్న మనిషి, అర్థం చేసుకుంటారు.

తప్పు దిద్దుకునే అవకాశం ఇవ్వండి.

మీ కోడలు


ఫిబ్రవరి 27

అమ్మాయీ,

నువ్వు చేసిన నిర్వాకం విను. నేను సంజాయిషీలో "అది పలక కాదు, నర్సుల డ్యూటీలు రాసుకునే బోర్డు" అని రాసిచ్చాను. సూపరింటెండెంటు అది నమ్మి ఊరుకునేవాడే. ఆ మర్నాడు నీ ఉత్తరం చేరింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అది మా వార్డేనని, అది పలకేనని నువ్వే రాసిచ్చావు. ఇప్పుడు నేను అబద్ధమాడినదాన్ని కూడా అయ్యాను.

అది వదిలెయ్. అంతకంటే పెద్దది జరిగింది.

24వ తేదీ మధ్యాహ్నం తొమ్మిదో మంచం ఆయనకి ఫిట్స్ వచ్చి బాత్రూములో పడిపోయాడు. బస్సు డ్రైవరు, యాభై దాటాయి. తలకి దెబ్బ తగిలింది. ఐసీయూలో ఉన్నాడు. ఫిట్స్ మందు పొద్దున తొమ్మిదింటికి పడాలి. పడలేదు. తెర మీద మాత్రం ఇచ్చినట్టే ఉంది.

ఆ వరస పిచ్చుక లాగిన్‌లో ఉంది. మన పిచ్చుకే, అందరికంటే చిన్నది, గబగబా మాట్లాడుతుందని మీరంతా ఆ పేరు పెట్టారు. దాన్ని సస్పెండ్ చేశారు. విచారణ కమిటీ వేశారు.

వార్డులో చూసింది రాసుకున్న నీ పుస్తకాలు కావాలని కమిటీ నీకు రాస్తుంది. ఒక్క కాగితం ఇవ్వకు. మాటిచ్చావు కదా, ఆ మాట మీద నిలబడు. మిగతావి నేను చూసుకుంటాను.

అత్తయ్య


మార్చి 8

అత్తయ్యా,

కమిటీ ఉత్తరం వచ్చింది. పది రోజుల గడువిచ్చారు. ఇవ్వకపోతే ఆస్పత్రిలో పరిశోధనకి ఇచ్చిన అనుమతి రద్దు చేస్తారట. అది పోతే నా థీసిస్‌లో మూడింట రెండొంతులు చెల్లదు. గైడు "మాటిచ్చింది నువ్వు, నిర్ణయమూ నీదే" అని కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ముందు నుయ్యి వెనక గొయ్యి.

కానీ నా భయం థీసిస్ గురించి కాదు. ఆ పుస్తకాల్లో ఏముందో నాకు తెలుసు. ముందు నొక్కి తర్వాత ఇవ్వడం పిచ్చుక ఒక్కతే చేసే పని కాదని, ఎరుపుల జాబితాకి భయపడి అందరూ అదే చేస్తారని పేజీ పేజీకీ ఉంది. పేర్లు కొట్టేసి ఇస్తే ఆ పిల్ల బయటపడుతుంది. నర్సులందర్నీ అడిగి, ఒప్పుకున్నవాళ్ళ పేజీలే ఇస్తాను. ఇందులో తప్పేముంది?

మీరు మాత్రం ఒక్క కాగితం ఇవ్వొద్దంటున్నారు. ఎందుకని? కోపగించుకోకండి, అడగక తప్పడం లేదు. వార్డులో ఆ అలవాటు ఉందని తేలితే హెడ్ నర్సుగా మీకు మాట వస్తుందనా? ఎనిమిది నెలలు ప్రశాంతంగా గడిచిపోవాలనా? అలాగే అయితే, మీ ఎనిమిది నెలలకి ఆ పిల్ల మొత్తం ఉద్యోగం బలి పెట్టాలా?

మీ కోడలు


మార్చి 15

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చింపేద్దామనుకున్నాను.

నన్ను కాపాడుకోడానికి వద్దంటున్నానని అనుకున్నావు. అవును. కానీ నువ్వనుకున్న దానికి కాదు.

24వ తేదీ పొద్దున సూపరింటెండెంటు రౌండ్స్‌కి వస్తున్నాడని కింది నుంచి కబురొచ్చింది. మెమో వచ్చాక అదే మొదటి రౌండు. నాలుగో మంచం నుంచి తొమ్మిదో మంచం దాకా పిచ్చుక చూసే వరస. అప్పటికే తొమ్మిది దాటింది. ఆరో మంచం ఆయన వాంతులు చేసుకుంటుంటే పిచ్చుక పట్టుకుని నిలబడింది. తెర మీద దాని లాగిన్ తెరిచే ఉంది. ఆరు వరసలు ఇంకాసేపట్లో ఎర్రబడతాయి. నేను వెళ్ళి ఆరూ నొక్కేశాను. "ఒసే, నొక్కేశాను, మందులు ఇచ్చేసిరా" అని కేకేశాను. అది విందో లేదో కూడా చూడలేదు. చీర సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

మిగతా అయిదుగురికీ అది ఇచ్చింది. తొమ్మిదో మంచం ఆయన స్కానింగ్‌కి కిందికెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆ వరసలో 'ఇచ్చాం' అని ఉంది. తనే ఇచ్చేసిందనుకుని ఉంటుంది పిచ్చుక. పలక ఉంటే గీత లేని గడి కనిపించేది. పలక లేదు.

నువ్వు కూర్చున్న రోజుల్లో కూడా నేనిలా వేరేవాళ్ళ తెరల మీద నొక్కాను. నువ్వు చూశావు. చూసి రాసుకున్నావు, నీ కలం కదలడం నేను చూశాను. ఆ పేజీ బయటికొస్తే "24న కూడా నువ్వేనా" అని అడుగుతారు.

పందొమ్మిది రోజులుగా కక్కలేక మింగలేక తిరుగుతున్నాను. మా వాడికి చెప్పకు.


మార్చి 19

అత్తయ్యా,

ఆ పేజీ ఉంది. జూలై 14.

దాన్ని ఎవరికీ ఇవ్వను. ఏ పేజీ ఇచ్చినా మధ్యలో లేని ఈ పేజీ ఎక్కడని అడుగుతారు కాబట్టి అసలు ఏ పేజీ ఇవ్వనని కమిటీకి నిన్న రాసిచ్చాను. ఇవాళ అనుమతి రద్దయినట్టు ఉత్తరం వచ్చింది. గైడు "ఇంకో ఏడాది పడుతుంది" అన్నారు, అంతే.

నేను మాటిచ్చినవాళ్ళలో మీరూ ఒకరు. కాబట్టి మీరు చెప్పింది మీది, చెప్పాలో వద్దో మీ ఇష్టం. నేను అడగను.

ఒక్క విషయం మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మొన్న పిచ్చుక ఫోన్ చేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. అన్నేసి మాటలు ఆడే పిల్ల, ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడింది.

"అక్కా, ఆ రోజు తొమ్మిదో మంచానికి నేను నొక్కినట్టు గుర్తు రావట్లేదు. కానీ నా లాగిన్‌లో ఉంది కదా. నొక్కే ఉంటాను కదా?"

"గుర్తు లేకపోతే నొక్కానని ఎందుకంటావు?" అన్నాను.

"మరి ఎవరు నొక్కుతారక్కా? నేనే. కమిటీకి అలాగే రాసిచ్చేశాను. రోజూ కళ్ళు మూసుకుని ఆలోచిస్తుంటే, నొక్కినట్టు ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది కూడా."

మీ కేక అది వినలేదు అత్తయ్యా.

మీ కోడలు


మార్చి 29

అమ్మాయీ,

వెళ్ళాను. కమిటీ ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్తే గుండె మీద బరువు దిగిపోతుందని అంటారు గానీ, అక్కడ జరిగింది వేరు.

ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దడాక్టరు నాతోపాటే ఉద్యోగంలో చేరినవాడు. అంతా విని నవ్వాడు. కోపంగా కాదు, జాలిగా.

"సిస్టర్, మీ గురించి నాకు తెలీదా? ఇంకో ఏడు నెలల్లో వెళ్ళిపోతారు. పిల్ల జీవితం పోతుందని మీ మీద వేసుకుంటున్నారు. మీ మంచితనం అర్థమైంది."

"మంచితనం కాదు సార్, నొక్కింది నేను," అన్నాను.

"తెర మీద ఆ అమ్మాయి పేరుంది. ఆ అమ్మాయే ఒప్పుకుని రాసిచ్చింది. మీ కోడలు ఇదే వార్డు మీద పరిశోధన చేసి, మిమ్మల్ని ఆకాశానికెత్తి పేపర్ చదివింది. ఇతరుల లాగిన్‌లో మీరు నొక్కుతారని అందులో ఒక్క ముక్క లేదే?"

ముప్ఫై ఒక్క ఏళ్ళ మంచిపేరు నా నిజానికి అడ్డం పడింది చూడు.

"సాక్ష్యం ఉంటే తెండి, ఏప్రిల్ 7 దాకా టైమిస్తాను," అన్నాడు.

జూలై 14 పేజీ పంపు. నాకిచ్చిన మాట నుంచి నిన్ను విడిచిపెడుతున్నానని సంతకం చేసిన కాగితం ఇందులో పెట్టాను. ఆ పేజీలో ఇంకెవరైనా ఉంటే వాళ్ళ పేర్లు కొట్టెయ్. నాది కొట్టెయ్యకు.

ఒకటి అడుగుతాను. ఆ ముక్క నీ పేపర్లో ఎందుకు లేదు?

అత్తయ్య


ఏప్రిల్ 2

అత్తయ్యా,

పేజీ కాపీ మీకూ కమిటీకీ ఇవాళే పంపాను. అందులో ఉన్నది ఇదీ: "ఉదయం 9:20. హెడ్ నర్సు వేరొకరి తెర మీద మూడు మందులకి 'ఇచ్చాం' నొక్కారు. అడిగితే, 'ఎవరి తెరయితే ఏమిటి, పనంతా ఒకటేగా' అన్నారు. ఈ వారంలో ఇది నాలుగోసారి." కింద సంతకం, తేదీ నావే.

కవరు మీద అడ్రసు రాసి అంటించాను. అత్తగారి మీద నా చేత్తో నేనే సాక్ష్యం పంపుతున్నాను. మీ అబ్బాయికి చెప్పక తప్పలేదు. ఆయన "అమ్మ అడిగిందా?" అన్నారు. అడిగారన్నాను. "అయితే పంపు" అన్నారు.

పేపర్లో ఎందుకు లేదంటే, నేనే తీసేశాను. చూసింది రాశాను, రాసింది దాచాను. మీరు నా అత్తగారని గైడుకీ ఆస్పత్రికీ ముందే రాసిచ్చాను, అక్కడ దొంగతనం లేదు. కానీ ఆ ఒక్క ముక్కా పెడితే పలక కథ చెడిపోతుంది. తెర అబద్ధం, పలక నిజం, ఆ పలక పెట్టిన హెడ్ నర్సు గొప్పది అని చెప్పడం నాకు నచ్చింది. మీకు చెడ్డపేరు రాకూడదనీ ఉంది. ఏది ఎంతో నాకే తెలియదు. వేరేవాళ్ళ లాగిన్‌లో నొక్కడం అలవాటని అప్పుడే పైకి వచ్చి ఉంటే, పిచ్చుక పేరు చూసి పిచ్చుకే అనుకునేవాళ్ళు కాదు.

గైడుకి ఈ సంగతి చెప్పేశాను. పేపర్ వెనక్కి తీసుకోమన్నారు. తీసుకున్నాను.

మీ కోడలు


ఏప్రిల్ 21

అమ్మాయీ,

తీర్పు వచ్చింది. పిచ్చుకని తిరిగి తీసుకున్నారు. వేరే వార్డులో వేశారు, అదే అడిగిందట. నన్ను కలిసింది. "నేను నొక్కలేదా?" అని రెండుసార్లు అడిగింది. లేదన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది. ఎప్పుడూ పిలిచేలా 'అమ్మా' అనలేదు. అనక్కర్లేదు.

అరగంట గడువు గంట చేశారు. ఎరుపుల జాబితా ప్రస్తుతానికి ఆపారు. సూపరింటెండెంటు మీద ఒక్క మాట రాయలేదు. నన్ను వార్డు నుంచి తీసేసి సామాన్ల గదికి పంపారు. రిటైరయ్యేదాకా అక్కడే. పొద్దున్నే దుప్పట్ల కట్టలు విప్పి చిరుగులు చూస్తున్నాను. మనుషుల జోలికి పోవద్దన్నారన్నమాట.

తొమ్మిదో మంచం ఆయనకి తెలివొచ్చింది. మాట ముద్దగా వస్తోంది. ఇక బస్సు నడపలేడు. ఇంటికి పంపే ముందు రోజు వెళ్ళాను. ఆయన నిద్రపోతున్నాడు. భార్యకి చెప్పాను, నొక్కింది నేనని.

ఆవిడ చేతిలో ఆయన చొక్కా ఉంది, మడత పెడుతోంది. "మీరు చెప్పకపోతే మాకు తెలిసేదా?" అంది.

"తెలిసేది కాదు."

"చిన్నమ్మాయి చేసిందన్నారు. చిన్నపిల్ల, ఏదో పొరపాటు అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు మీరొచ్చి చెప్పారు. మీ విషయంలో సర్దిచెప్పుకోడానికి నా దగ్గరేమీ లేదు."

కూర్చోమనలేదు. చొక్కా మడత పూర్తయ్యేదాకా నిలబడి వచ్చేశాను.

నువ్వు వెనక్కి తీసుకున్న ఆ పేపర్ కాపీ ఒకటి మా వాడు పంపాడు. ఇన్నాళ్ళూ దాని గురించి పోట్లాడుకున్నాం గానీ నేను చదవలేదు. చదివాను. "ఆ వార్డును నిలబెట్టింది ఒక హెడ్ నర్సు నిజాయితీ" అని ఒక వాక్యం ఉంది. మళ్ళీ రాసేటప్పుడు అది కొట్టెయ్.

మర్యాదకి అనడం లేదు. ఆలోచించి అంటున్నాను. నేను మంచిదాన్నని రాస్తే, చదివినవాళ్ళు ప్రతి వార్డుకీ ఒక మంచి హెడ్ నర్సుని వెతుక్కుంటారు. పద్ధతి మాత్రం అలాగే ఉంటుంది. చెడ్డదాన్నని రాస్తే నన్ను తీసేసి చేతులు దులుపుకుంటారు, ఇప్పుడు చేసినట్టే. పలక పెట్టింది నేనే. ఆ పలక లేనిరోజు భయపడి అబద్ధం నొక్కిందీ నేనే. రెండూ ఒకే మనిషి చేసింది. అంత పాతకాపు చేత కూడా ఆ ఎరుపు ఏం చేయించగలదో రాయి. నన్నూ వదలకు, పైన కూర్చున్నవాళ్ళనీ వదలకు.

మళ్ళీ అనుమతి అడుగు. ఇస్తారో ఇవ్వరో గానీ, నా వరకూ నీకు అనుమతి అక్కర్లేదు. మొదటి పేజీకి కావలసింది నేనే చెప్తాను, రాసుకో.

ఫిబ్రవరి 24. ఉదయం తొమ్మిదీ పది. ఆరు వరసలు. నొక్కింది నేను.

అత్తయ్య